రిసీవర్ "ఎడమ స్పీకర్ ఫేజ్ రివర్స్" అంటోంది, వైర్లు మాత్రం సరిగ్గానే ఉన్నాయి

#1 రెండుఛానళ్లు

సిస్టమ్: ఏవీ రిసీవర్ (స్పీకర్లని నడిపే హోమ్ థియేటర్ ఆంప్లిఫయర్), టూ-వే బుక్‌షెల్ఫ్ స్పీకర్ల జత (కింది స్వరాలకి 6.5 అంగుళాల వూఫర్, పై స్వరాలకి 1 అంగుళం డోమ్ ట్వీటర్, వెనక పోర్ట్ అనే గాలి రంధ్రం, 8 ఓమ్స్), లోతు బేస్ కోసం 10 అంగుళాల పవర్డ్ సబ్‌వూఫర్. రిసీవర్‌లో స్పీకర్లు "స్మాల్", క్రాస్ఓవర్ 80 హెర్ట్జ్ (అంతకంటే కింది బేస్ సబ్‌కి వెళ్తుంది). స్పీకర్లు సెకండ్ హ్యాండ్‌వి.

ఆటో క్యాలిబ్రేషన్ (మైక్ పెడితే రిసీవరే స్పీకర్లని కొలుచుకోవడం) నడిపితే ఎడమ స్పీకర్‌కి ఫేజ్ రివర్స్ అని వస్తోంది. కుడి దానికి ఏమీ రావట్లేదు. వైర్ గీత చూసి రెండు చివర్లా సరిచూశాను, ఎరుపుకి ఎరుపే ఉంది.

వినడానికి: పాటలో గొంతు మధ్యలో నిలవకుండా కుడివైపు లాగుతోంది. బేస్ కూర్చునే చోట పల్చగా ఉంది, గది మూలకి వెళ్తే మాత్రం బాగానే ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

#2 కోన్‌ముందుకు

ముందు పోలారిటీ, ఫేజ్ అనే రెంటినీ విడదీసుకోండి. రిసీవర్ మెనూలు ఈ రెంటినీ కలిపేసి గందరగోళం చేస్తాయి.

పోలారిటీ అంటే ప్లస్, మైనస్ తారుమారు కావడం. అది అన్ని ఫ్రీక్వెన్సీలకీ ఒకేలా వర్తిస్తుంది, వైరు తిప్పి పెడితే పోతుంది. ఫేజ్ అంటే ఆలస్యం వల్లా ఫిల్టర్ల వల్లా వచ్చే తేడా. ఇది ఫ్రీక్వెన్సీని బట్టి మారుతుంది, వైరు తిప్పితే పోదు. మీవి చూస్తే రెండు వేర్వేరు జబ్బుల్లా ఉన్నాయి. గొంతు సంగతి ఒకటి, బేస్ సంగతి ఇంకొకటి.

వైర్ గీతని నమ్మొద్దు. గీత, గాడి, అచ్చు, రాగి రంగు, తగరపు పూత వీటిలో ఏది ప్లస్ అన్నది తయారీదారు ఇష్టం. మధ్యలో ఎక్కడో జాయింట్ ఉంటే అక్కడ తిరిగిపోయి ఉండొచ్చు కూడా. 1.5 వోల్టుల ఏఏ సెల్‌తో చూడండి:

రిసీవర్ పవర్ తీసేయండి. స్పీకర్ వైర్లు రిసీవర్ వైపు ఊడదీయండి, స్పీకర్ వైపు అలాగే ఉంచండి. గ్రిల్ తీసేయండి. ఎరుపు టెర్మినల్‌లోంచి వచ్చిన వైరుకి సెల్ ప్లస్, రెండో వైరుకి మైనస్ ఒక్క క్షణం తాకించండి. వూఫర్ కోన్ ముందుకి, అంటే మీ వైపు రావాలి. వదలగానే వెనక్కి వెళ్తుంది, ఆ కదలికని చూసి మోసపోవద్దు. తాకిన క్షణంలో ఎటు కదిలిందన్నదే లెక్క. వేలి కొనని కోన్ మీద తేలిగ్గా ఆనిస్తే కంటికంటే బాగా తెలుస్తుంది.

రిసీవర్ చివర నుంచి చేస్తే కేబుల్, బనానా ప్లగ్‌లు, స్పీకర్ లోపలి వైరింగ్ అన్నీ ఒకే దెబ్బకి తేలిపోతాయి.

#3 పొగరానివ్వను

పై పద్ధతికి కొన్ని జాగ్రత్తలు.

9 వోల్టుల బ్యాటరీ వద్దు. ఆరు ఓమ్స్ డీసీ రెసిస్టెన్స్ ఉన్న వూఫర్‌లోకి 1.5 వోల్టులతో పోయేది పావు ఆంపియర్, అంటే అర వాట్ కూడా కాదు. ఆ మాత్రం చాలు.

ట్వీటర్ టెర్మినల్స్‌కి నేరుగా సెల్ పెట్టకండి. క్రాస్ఓవర్ (స్వరాలని వూఫర్‌కీ ట్వీటర్‌కీ పంచే స్పీకర్ లోపలి సర్క్యూట్) ద్వారా అయితే సిరీస్‌లో ఉన్న కెపాసిటర్ డీసీని ఆపుతుంది కాబట్టి భయం లేదు. అంటే ఈ టెస్ట్ ట్వీటర్ గురించి ఏమీ చెప్పదన్నమాట. చిన్న శాటిలైట్ స్పీకర్లలో వూఫర్‌కి కూడా సిరీస్ కెపాసిటర్ ఉండొచ్చు. అప్పుడు కోన్ కొంచెం అదిరి ఆగిపోతుంది.

ఆంప్లిఫయర్‌కి వైరు తగిలించి ఉండగా సెల్ అస్సలు వద్దు. బ్రిడ్జ్ ఆంప్‌లలో, చాలా క్లాస్-డి బోర్డులలో నలుపు టెర్మినల్ గ్రౌండ్ కాదు, అందులోనూ సిగ్నల్ ఉంటుంది. రెండు ఛానళ్ల నలుపులు కలిపినా, ఆసిలోస్కోప్ గ్రౌండ్ క్లిప్ అక్కడ పెట్టినా అవుట్‌పుట్ స్టేజ్ పోతుంది.

#4 పాతకేబుల్

ఒక మినహాయింపు: పాత జేబీఎల్ డ్రైవర్లలో ఎరుపుకి ప్లస్ ఇస్తే కోన్ లోపలికి వెళ్తుంది, అది వాళ్ల పాత పద్ధతి. కొత్త డ్రైవర్‌తో కలిపి కడితేనే ఇబ్బంది. జతలో రెండూ అవే అయితే పర్లేదు.

#5 మోనోమాస్టర్

సెల్ లేకపోయినా తేల్చొచ్చు. సబ్ ఆపేసి, రెండు స్పీకర్లనీ ఎదురెదురుగా జానెడు దూరంలో పెట్టి, మోనో సిగ్నల్ (రెండిట్లోనూ ఒకటే) వదలండి. బేస్ ఎక్కువగా ఉన్నదేదైనా సరే. తర్వాత ఒక్క స్పీకర్‌కి మాత్రమే వైర్లు తారుమారు చేసి మళ్లీ వినండి (మార్చేటప్పుడు ప్రతిసారీ పవర్ ఆఫ్). ఏ కనెక్షన్‌లో బేస్ బలంగా ఉందో అదే సరైనది. తప్పులో ఉంటే బేస్ దాదాపు మాయమై, పైన సన్నటి గీరుడు మిగులుతుంది. ఒక మోస్తరు తేడా కాదిది, గది అవతల ఉన్నవాళ్లకి కూడా తెలుస్తుంది.

స్టీరియో పాటతో చేయకండి, రెండు ఛానళ్లలో వేరేవేరేది ఉంటే ఫలితం కలగాపులగం. రిసీవర్‌లో మోనో మోడ్ గానీ, మోనో పింక్ నాయిస్ (అన్ని స్వరాలూ కలిసిన హోరు) గానీ వాడండి.

#6 రెండుఛానళ్లు

రెండూ చేశాను. సెల్‌తో ఎడమ, కుడి వూఫర్లు రెండూ ముందుకే వచ్చాయి. ఎదురెదురుగా పెట్టి మోనో వదిలితే ఇప్పుడున్న కనెక్షన్‌లోనే బేస్ బలంగా ఉంది, ఒకటి తిప్పితే పోయింది.

అంటే రిసీవర్ మెసేజ్‌ని పట్టించుకోవద్దా?

#7 విజార్డ్‌విను

చాలామంది "ఆ మెసేజ్ ఉత్తదే, స్కిప్ కొట్టు" అంటారు. సగం నిజం.

రిసీవర్ మైక్‌కి వచ్చిన ఇంపల్స్‌లో, అంటే క్షణకాలపు శబ్ద తరంగంలో, మొదటి కొస పైకి లేచిందా కిందికి దిగిందా అని చూస్తుంది. ఆ మొదటి కొస ఎక్కువగా ట్వీటర్‌ది. క్రాస్ఓవర్ డిజైన్‌లో ట్వీటర్‌నో మిడ్‌రేంజ్‌నో కావాలనే తిప్పి కట్టిన స్పీకర్లు బోలెడు. డైపోల్ సరౌండ్‌లు (ముందుకీ వెనక్కీ మోగే పక్క స్పీకర్లు) అయితే సగం డ్రైవర్లు ఎలాగూ ఎదురు పోలారిటీలోనే ఉంటాయి. వాటన్నిటికీ మెసేజ్ వస్తుంది, వైరు సరిగ్గా ఉంటే వదిలేయొచ్చు.

కానీ ఒకే మోడల్ జతలో *ఒక్కదానికే* వస్తే వదిలేయకూడదు. డిజైన్ కారణమైతే రెండిటికీ రావాలి కదా. ముందు ఎడమ స్పీకర్‌ని కుడి స్థానంలో, కుడిదాన్ని ఎడమ స్థానంలో పెట్టి క్యాలిబ్రేషన్ మళ్లీ నడపండి. వైర్లు, ఛానళ్లు కదిలించొద్దు, డబ్బాలు మాత్రమే మార్చండి. మెసేజ్ డబ్బాతో పాటు వెళ్తే తప్పు డబ్బాలో. ఆ స్థానంలోనే ఉండిపోతే గోడ రిఫ్లెక్షన్ గానీ, ఆ ఛానల్ గానీ.

#8 క్రాస్ఓవర్‌కుట్టి

విను గారు చెప్పింది పాయింటే. ఇంకా సూటిగా చెప్తాను: ఎడమ స్పీకర్ ట్వీటర్ ఒక్కటే తిరగబడి ఉంది అని నా అనుమానం. లక్షణాలు చూడండి.

స్పీకర్ మొత్తం తిరగబడితే గొంతు ఒక పక్కకి లాగదు, గది అంతా పరుచుకుపోతుంది, ఎక్కడినుంచి వస్తోందో చెప్పలేం. బేస్ కూడా పోతుంది. మీకు వూఫర్లు సరిగ్గా ఉన్నాయని తేలింది. ట్వీటర్ ఒక్కటే తిరగబడితే జరిగేది వేరు: సుమారు 2 నుంచి 3 కిలోహెర్ట్జ్ దగ్గర వూఫర్, ట్వీటర్ రెండూ కలిసి మోగే చోట ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆ స్పీకర్‌లో గొంతుకి తేటదనం ఇచ్చే భాగం గుంట పడుతుంది. రెండో దాంట్లో ఆ భాగం నిండుగా ఉంటుంది కాబట్టి గొంతు అటు లాగుతుంది. మీకు కుడివైపు లాగుతోంది, మెసేజ్ ఎడమకి వస్తోంది. అతుకుతోంది.

దీన్ని 4 నుంచి 8 కిలోహెర్ట్జ్ నాయిస్ పెట్టి చెవితో తేల్చాలని చూడకండి. దాదాపు 1.5 కిలోహెర్ట్జ్ దాటాక రెండు చెవులకీ చేరే తరంగాల ఫేజ్ తేడాని మన వినికిడి వాడుకోదు. కొలవాలి.

పద్ధతి: ఒక్క స్పీకర్‌కే పింక్ నాయిస్. మైక్ ట్వీటర్ ఎత్తులో, ఎదురుగా మీటరు దూరం. స్పెక్ట్రమ్ చూపే ఫోన్ యాప్ అయినా సరే, ఫోన్ మైక్ ఫ్లాట్ కాకపోయినా ఇక్కడ రెండు స్పీకర్లని పోల్చడమే పని. రెండోదాన్ని అదే స్టాండ్ మీద, అదే మైక్ స్థానంలో పెట్టి మళ్లీ కొలవండి. ఒకదాంట్లో మాత్రమే క్రాస్ఓవర్ దగ్గర లోతైన గుంట ఉంటే దొరికేసినట్టే. మైక్‌ని అరచేయి వెడల్పు పైకీ కిందికీ జరిపి చూడండి, తిరగబడిన దాంట్లో ఆ గుంట పూడుతూ జరుగుతూ ఉంటుంది.

#9 అనలాగ్‌అన్న

తొందరపడొద్దు తమ్ముడూ. ట్వీటర్ తిప్పి కట్టడం చాలా డిజైన్లలో సరైన పద్ధతే. ఆక్టేవ్‌కి (ఫ్రీక్వెన్సీ రెట్టింపైన ప్రతిసారీ) 12 డీబీ తగ్గించే లింక్‌విట్జ్-రైలీ రకం ఫిల్టర్‌లో క్రాస్ఓవర్ దగ్గర రెండు డ్రైవర్ల మధ్య 180 డిగ్రీల తేడా వస్తుంది, అందుకే ట్వీటర్ తిప్పాలి. 24 డీబీ అయితే 360 డిగ్రీలు, తిప్పక్కర్లేదు. 18 డీబీ బటర్‌వర్త్ అనే ఇంకో రకంలో 270, ఎటు కట్టినా ఎదురుగా లెవెల్ సమానమే, కాకపోతే శబ్దం వాలే దిశ పైకో కిందికో మారుతుంది. కాబట్టి తెరవగానే "ప్లస్ ప్లస్‌కి లేదు" అని మార్చేస్తే సరిగ్గా ఉన్నదాన్ని పాడుచేసినట్టు అవుతుంది.

#10 క్రాస్ఓవర్‌కుట్టి

ఒప్పుకుంటాను అన్నా. అందుకే కొలమానం "ప్లస్‌కి ప్లస్" కాదు. రెండో స్పీకర్ ఎలా ఉంటే ఇది అలా ఉండాలి, అంతే. గుంట లేనిదే సరైన డబ్బా.

#11 రెండుఛానళ్లు

డబ్బాలు మారిస్తే మెసేజ్ డబ్బాతో పాటే కుడి స్థానానికి వెళ్లింది. ఫోన్ యాప్‌లో ఆ స్పీకర్‌కే సుమారు 2.6 కిలోహెర్ట్జ్ దగ్గర గుంట, రెండోదానికంటే 14 డీబీ దాకా లోతు. ఇక తెరవడమేనా? తెరిచేటప్పుడు ఏం చూసుకోవాలి?

#12 పొగరానివ్వను

తెరవండి. స్పీకర్‌ని వెల్లకిలా పడుకోబెట్టండి, మెత్తటి గుడ్డ వేసి. ట్వీటర్ అయస్కాంతం స్క్రూడ్రైవర్‌ని లాగేసుకుంటుంది, జారితే కొన నేరుగా డోమ్ మీదే దిగుతుంది. అందుకని డోమ్ పైన అట్టముక్క అడ్డం పెట్టి, స్క్రూడ్రైవర్ కాడని వేళ్ల మధ్య బిగించి పట్టుకుని విప్పండి. ఫేస్‌ప్లేట్ అతుక్కుని ఉంటే ముందునుంచి పెళ్లగించొద్దు, వూఫర్ తీసి లోపల్నుంచి తోయండి.

ట్వీటర్ వెనక రెండు ట్యాబ్‌లలో సాధారణంగా ఒకటి వెడల్పు, ఒకటి సన్నం, వెడల్పుది ప్లస్. పక్కన ఎర్ర చుక్క గానీ ప్లస్ గుర్తు గానీ ఉంటుంది. ఏ రంగు వైరు ఏ ట్యాబ్‌కి ఉందో రెండు స్పీకర్లలోనూ ఫోటో తీసి పోల్చండి. సన్న ట్యాబ్ మీద వెడల్పు క్లిప్‌ని నొక్కి బిగించినట్టు కనిపిస్తే ఎవరో ముందే చేయిపెట్టారని అర్థం.

ఇంకొకటి: ట్వీటర్ మార్చి ఉంటే కొత్త ట్వీటర్ గుర్తులే తప్పయి ఉండొచ్చు. మార్చాక మళ్లీ కొలిచాకే స్క్రూలు పూర్తిగా బిగించండి.

#13 రెండుఛానళ్లు

కుడి స్పీకర్‌లో ఎర్ర వైరు వెడల్పు ట్యాబ్‌కి. ఎడమ దాంట్లో ఎర్ర వైరు సన్న ట్యాబ్‌కి, క్లిప్ శ్రావణంతో నొక్కి ఉంది, ట్వీటర్ వెనక స్టిక్కర్ కూడా కుడిదానికంటే కొత్తది. మార్చి కొలిచాను. గుంట పూడింది, రెండు గ్రాఫులూ 2 డీబీ లోపల కలిశాయి. క్యాలిబ్రేషన్ మెసేజ్ రావట్లేదు. గొంతు మధ్యలో నిలిచింది.

బేస్ మాత్రం అలాగే ఉంది. సబ్ దూరం రిసీవర్ 4.9 మీటర్లు అని పెట్టుకుంది, టేపుతో కొలిస్తే 3.1 మీటర్లే. అందుకని మెనూలో నేనే 3.1 పెట్టుకున్నాను.

#14 విజార్డ్‌విను

దొరికింది. దాన్ని 4.9కి తిరిగి పెట్టండి.

పవర్డ్ సబ్‌లో ఉన్న డీఎస్‌పీ (డిజిటల్ ప్రాసెసర్), కింది స్వరాలనే వదిలే లో-పాస్ ఫిల్టర్లు సిగ్నల్‌ని కొంచెం ఆలస్యం చేస్తాయి. రిసీవర్‌కి దూరమంటే కాలమే, మైక్‌కి ఎంత ఆలస్యంగా చేరిందో దాన్ని మీటర్లలో చూపిస్తుంది. టేపుతో సరిపోలకపోవడం తప్పు కాదు.

1.8 మీటర్ల తేడా అంటే 5.2 మిల్లీసెకన్లు. 80 హెర్ట్జ్ దగ్గర అది 151 డిగ్రీలు. రెండు సమాన శబ్దాలు ఒకే ఫేజ్‌లో కలిస్తే ఒక్కదానికంటే 6 డీబీ పెరుగుతుంది. 120 డిగ్రీల తేడాలో లాభమూ లేదు నష్టమూ లేదు. 151 దగ్గర ఒక్కటే మోగినప్పటికంటే 6 డీబీ తక్కువ. అంటే క్రాస్ఓవర్ దగ్గర మీరు దాదాపు 12 డీబీ పోగొట్టుకుంటున్నారు. కూర్చునే చోట పల్చగా ఉండటానికి ఇది చాలు. మూలలో బేస్ పోగుపడటం గది సహజగుణం, దానికీ దీనికీ సంబంధం లేదు.

#15 మోనోమాస్టర్

4.9 పెట్టాక కూడా అక్కడే ఆగకండి, క్యాలిబ్రేషన్ అంకె మొదటి అంచనా మాత్రమే. ట్వీటర్ సరిచేశాక ఒకసారి మళ్లీ నడపండి, తర్వాత చేత్తో సరిచూడండి:

80 హెర్ట్జ్ టోన్, ఒక స్పీకర్, సబ్ కలిపి. ముందు ఒక్కొక్కటి విడిగా మోగించి కూర్చునే చోట లెవెల్ సమానం చేయండి (శబ్దం కొలిచే మీటర్ ఉంటే సి వెయిటింగ్, స్లో సెట్టింగులు). తర్వాత సబ్ వెనక ఉన్న స్విచ్‌ని 180కి తిప్పండి. ఇప్పుడు రిసీవర్‌లో సబ్ దూరాన్ని కొంచెం కొంచెంగా మారుస్తూ శబ్దం *అతి తక్కువ* అయ్యే చోటు పట్టుకోండి. 0.3 మీటరుకి 80 హెర్ట్జ్‌లో 25 డిగ్రీలు కదులుతుంది. దొరికాక స్విచ్‌ని తిరిగి 0కి తెండి.

ఎక్కువ శబ్దం కోసం వెతికితే గుండ్రటి గుట్ట మీద శిఖరం వెతికినట్టే, అటూ ఇటూ ఎంత జరిపినా తేడా తెలియదు. తక్కువ కోసం వెతికితే గోతి సన్నంగా, నిటారుగా ఉంటుంది, చెవికే దొరుకుతుంది.

#16 కోన్‌ముందుకు

దీనికి ఒక చేర్పు. 80 హెర్ట్జ్‌కి ఒక పూర్తి చుట్టు 12.5 మిల్లీసెకన్లు, దూరంలో 4.3 మీటర్లు. అంత దూరం తప్పినా ఒక్క 80 హెర్ట్జ్ టోన్‌తో "సరిగ్గా ఉంది" అనే కనిపిస్తుంది. అందుకని 60 నుంచి 110 హెర్ట్జ్ వరకు స్వీప్ చేసి చూడండి. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే కొలత సాఫ్ట్‌వేర్, ఒక కొలత మైక్ ఉంటే స్పీకర్ విడిగా, సబ్ విడిగా, రెండూ కలిపి మూడు గ్రాఫులు తీయండి. కలిపిన గీత క్రాస్ఓవర్ చుట్టుపక్కల విడి గీతలకి పైన ఉండాలి. కింద ఉన్న చోటల్లా ఫేజ్ గొడవే.

సబ్ వెనక 0 నుంచి 180 నాబ్ గురించి కూడా. ఆ డిగ్రీలు ఏదో ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గరే నిజం. స్విచ్ మాత్రం పోలారిటీ. రిసీవర్‌లో దూరం మార్చే వీలున్నప్పుడు నాబ్‌ని 0 దగ్గర ఉంచి మర్చిపోండి.

#17 అనలాగ్‌అన్న

ఫేజ్‌తో పోని గుంటలూ ఉంటాయి, వాటితో కుస్తీ పట్టొద్దు. సబ్ ఒక్కటే మోగించినా 62 దగ్గరో 70 దగ్గరో గుంట ఉంటే అది గది మోడ్ (గోడల మధ్య శబ్దం నిలబడిపోవడం). సబ్‌నో కుర్చీనో జరపాలి. స్పీకర్ ఒక్కదానికే గుంట ఉంటే వెనక గోడ దూరం చూడండి. గోడకి మీటరు ఎదర ఉన్న వూఫర్‌కి 86 హెర్ట్జ్ దగ్గర రిఫ్లెక్షన్ తిరిగొచ్చి కొట్టేస్తుంది. అరమీటరు అయితే 170. గోడకి దగ్గరగా జరిపితే ఆ గుంట పైకి పోయి తేలికవుతుంది.

#18 రెండుఛానళ్లు

5.2 మీటర్ల దగ్గర అతి తక్కువ దొరికింది, స్విచ్ తిరిగి 0కి పెట్టాను. స్వీప్‌లో 65 నుంచి 100 వరకు కలిపిన గీత పైనే ఉంది. 110 దగ్గర చిన్న గుంట, అది ఎడమ స్పీకర్ విడిగా మోగినా ఉంది. వూఫర్ నుంచి వెనక గోడ 80 సెంటీమీటర్లు.

#19 అనలాగ్‌అన్న

80 సెంటీమీటర్లకి లెక్క 107 హెర్ట్జ్. గోడదే. 40కి జరిపి వినండి, కాకపోతే పోర్ట్ వెనక ఉంది కాబట్టి చేయి వెడల్పు అయినా ఖాళీ ఉంచండి. జరిపాక సబ్ దూరం మళ్లీ చూసుకోవాలి.

#20 గాత్రంమాయం

ఇదే చర్చలో అడుగుతున్నాను. ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌కి పెట్టే సౌండ్ బాక్స్) నుంచి చిన్న స్టీరియో ఆంప్‌కి ఒకే కేబుల్. స్పీకర్లలో ఏదో గదంతా పరుచుకున్నట్టు, మధ్యలో ఖాళీగా. మోనో బటన్ నొక్కితే దాదాపు ఏమీ వినపడదు. సెల్ టెస్ట్‌లో స్పీకర్లు రెండూ ముందుకే.

#21 పాతకేబుల్

ఇంటర్‌ఫేస్‌లో *ఒక్క* అవుట్ నుంచి టీఆర్‌ఎస్ (టిప్, రింగ్, స్లీవ్ అనే మూడు కాంటాక్టుల ప్లగ్) కేబుల్ తీసి స్టీరియో ఇన్‌పుట్‌లో గుచ్చారా? అదే అయితే మీకు వచ్చేది స్టీరియో కాదు, ఒక ఛానల్ బ్యాలెన్స్‌డ్ సిగ్నల్ (అదే సిగ్నల్ ప్లస్‌గా ఒకటి, తిరగేసి మైనస్‌గా ఒకటి). టిప్‌లో ఉన్న ప్లస్ ఎడమకి, రింగ్‌లో ఉన్న మైనస్ కుడికి వెళ్తాయి. రెండు స్పీకర్లలో ఒకే సిగ్నల్ అచ్చంగా ఎదురు పోలారిటీలో మోగుతుంది, మోనో చేస్తే సున్నా. ఎడమ, కుడి అవుట్‌లకి విడివిడిగా రెండు టీఎస్ (రింగ్ లేని) కేబుళ్లు వాడి, ఆంప్ ఇన్‌పుట్‌కి టిప్ మాత్రమే చేరేలా చేయండి.

ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల) కేబుల్ సొంతంగా సోల్డర్ చేసుకున్నవాళ్లకి: పిన్ 1 షీల్డ్, 2 ప్లస్, 3 మైనస్. ఒక కేబుల్‌లో 2, 3 మారితే ఇదే గోల, ఇక్కడ స్పీకర్ వైర్లు ఎంత వెతికినా దొరకదు. సోర్స్ తప్పా, స్పీకర్ తప్పా అని తేల్చడానికి అదే సోర్స్‌కి హెడ్‌ఫోన్ పెట్టి వినండి. హెడ్‌ఫోన్‌లో బాగుంటే ఆ తర్వాతి కేబుళ్లు, ఆంప్, స్పీకర్లు చూడాలి. హెడ్‌ఫోన్‌లోనూ గొంతు మాయమైతే జాక్ గ్రౌండ్ తెగి ఉండొచ్చు. గ్రౌండ్ తెగితే రెండు ఇయర్‌పీస్‌లూ సిరీస్‌లో పడి ఎడమకీ కుడికీ ఉన్న తేడా మాత్రమే మోగుతుంది, మధ్యలో ఉండాల్సిన గొంతు పోతుంది.

#22 గాత్రంమాయం

ఒక్క అవుట్ నుంచే తీశాను. రెండు టీఎస్ కేబుళ్లతో సరైంది. ఇంకొకటి: రెండు వాయిస్ కాయిళ్లు (కోన్‌ని కదిలించే తీగచుట్లు) ఉన్న 4+4 ఓమ్స్ సబ్ డ్రైవర్ ఉంది, సిరీస్‌లో కట్టాను. మీటర్‌లో 7 ఓమ్స్ చూపిస్తోంది, శబ్దం మాత్రం అస్సలు లేదు.

#23 పొగరానివ్వను

ఆపేయండి, వాల్యూమ్ పెంచొద్దు. ఒక కాయిల్ తిరగబడి ఉంది. రెండూ కోన్‌ని చెరోవైపు తోస్తున్నాయి, కోన్ కదలదు, పవర్ అంతా కాయిళ్లలో వేడి అవుతుంది. మీటర్ దీన్ని పట్టుకోలేదు, ఎటు కట్టినా అదే 7 ఓమ్స్.

వైర్లన్నీ ఊడదీసి, ఒక్కో కాయిల్‌కి విడిగా 1.5 వోల్టుల సెల్ పెట్టి, కోన్ ముందుకొచ్చే వైపు ప్లస్ అని టేపు మీద రాసుకోండి. సిరీస్‌కి మొదటి కాయిల్ మైనస్‌ని రెండోదాని ప్లస్‌కి కలపండి, మిగిలిన రెండు కొసలు ఆంప్‌కి. ఆంప్ 2 ఓమ్స్ మోయగలదని రాసి ఉంటే తప్ప ప్యారలల్ జోలికి వెళ్లొద్దు.